తువ్వాలు విసిరిన తండ్రి

(మా ఊరి తెలుగు సంఘం సినిమా చర్చా కార్యక్రమంలో ‘క్రీడ్ 2’ బలాలు, బలహీనతల గురించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో ఇంతకుముందు వక్తలు ‘మాయాబజార్’ గురించి మాట్లాడారు, ‘శంకరాభరణం’ గురించి మాట్లాడారు. నేను ఒక బాక్సింగ్ సినిమా గురించి, అందులోనూ సీక్వెల్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆలోచించి, “సరే లెండి, భోజనాలకి ముందు పెడదాం, ఎవరూ లేచి వెళ్ళరు” అన్నారు. వారి ముందుచూపుకి కృతజ్ఞతలు. పులిహోర వాసన నాకూ వస్తోంది కాబట్టి ఎక్కువసేపు తీసుకోను.

నేను సినిమా విమర్శకుడిని కాను. సాఫ్ట్‌వేరు రాసుకుని బతికేవాణ్ణి. మా వృత్తిలో రెండో వెర్షన్ అంటే ఏమిటో బాగా తెలుసు. మొదటిదాంట్లో బాగున్నవి చెడగొట్టకూడదు, పాత తప్పులు దిద్దాలి, పైగా కొత్తది ఏదో ఒకటి ఇవ్వాలి. ఈ మూడూ ఒకేసారి జరగడం నా ఉద్యోగ జీవితంలో చాలా తక్కువసార్లు చూశాను. సీక్వెల్ తీసేవాడి కష్టం కూడా అదే. అందుకే ఆ దర్శకుల మీద నాకు కొంచెం జాలి ఎక్కువ.

‘క్రీడ్ 2’ 2018 నవంబరులో విడుదలైంది. దర్శకుడు స్టీవెన్ కేపుల్ జూనియర్. దీనికి ముందు వచ్చిన ‘క్రీడ్’ (2015) తీసిన ర్యాన్ కూగ్లర్ అప్పటికి ‘బ్లాక్ పాంథర్’ పనిలో ఉండటంతో ఈ బాధ్యత కేపుల్ మీద పడింది. ‘క్రీడ్’ కూడా స్వతంత్రమైన కథ కాదు, రాకీ సినిమాలకి కొనసాగింపు. 1976లో మొదలుపెట్టి లెక్కవేస్తే ‘క్రీడ్ 2’ ఈ వరసలో ఎనిమిదో సినిమా. మన టీవీ సీరియళ్ళని వెక్కిరించే అమెరికా వాళ్ళు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

చూడనివాళ్ళ కోసం పాత కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఫిలడెల్ఫియాలో ఒక మామూలు బాక్సర్ రాకీ. ప్రపంచ ఛాంపియన్ అపోలో క్రీడ్. మొదట ప్రత్యర్థులు, తర్వాత ప్రాణ స్నేహితులు. నాలుగో సినిమా (1985)లో సోవియట్ యూనియన్ నుంచి ఇవాన్ డ్రాగో అనే బాక్సర్ వస్తాడు. అపోలో అతనితో లాస్ వేగస్‌లో ప్రదర్శన పోటీకి దిగుతాడు. దెబ్బలు తింటూ కూడా, ఏం జరిగినా పోటీ ఆపొద్దని రాకీ దగ్గర మాట తీసుకుంటాడు. రాకీ చేతిలో తువ్వాలు ఉంటుంది. విసరడు. అపోలో రింగులోనే చనిపోతాడు. తర్వాత రాకీ మాస్కో వెళ్ళి డ్రాగోని ఓడిస్తాడు.

ఆ సినిమాలో డ్రాగో కంప్యూటర్లు, యంత్రాలు పెట్టుకుని సాధన చేస్తాడు. రాకీ మంచులో దుంగలు మోస్తాడు. చివరికి దుంగలు గెలుస్తాయి. సాఫ్ట్‌వేరు వాళ్ళుగా మనం ఎవరి పక్షం వహించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నట్టు, డ్రాగో వేషం వేసిన డాల్ఫ్ లండ్‌గ్రెన్ స్వీడన్ దేశస్థుడు. మన జాతి మనిషే, ఇంజనీరు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు మీద 1983లో ఎమ్.ఐ.టి.కి వచ్చి, కొద్ది రోజులకే వదిలేసి సినిమాల్లోకి పోయాడు. ఎమ్.ఐ.టి. సీటు! మన ఇళ్ళల్లో ఎవరైనా అలా చేసి ఉంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు మర్నాడే విమానం ఎక్కేవాళ్ళు.

ఇప్పుడు ‘క్రీడ్ 2’ కథ. అపోలో చనిపోయాక పుట్టిన కొడుకు అడోనిస్. తండ్రిని చూడలేదు. రాకీ శిక్షణలో పెరిగి ప్రపంచ ఛాంపియన్ అవుతాడు. సరిగ్గా అప్పుడు ఇవాన్ డ్రాగో తన కొడుకు విక్టర్‌ని వెంటబెట్టుకుని దిగి, సవాలు చేస్తాడు. తండ్రిని చంపినవాడి కొడుకుతో చనిపోయినవాడి కొడుకు పోరాటం.

ఇది విన్నాక మీలో చాలామంది పెదాల మీద నవ్వు కనిపిస్తోంది. అవును, ఇది మన ఫ్యాక్షన్ సినిమా కథే. టాటా సుమోలు లేవు, అంతే. సీమ కథల్లో రెండు తరాల పగ చూసి చూసి ఉన్న మనకి ఇందులో ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో కూడా తెలిసిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్తే, తండ్రి పరీక్షిత్తు పాము కాటుకి పోయాడని జనమేజయుడు సర్పయాగం చేసిన కథ మనది. ఆ యాగం పూర్తవలేదు. ఆస్తీకుడు వచ్చి ఆపాడు. పగ తీర్చుకోవడం కంటే దాన్ని ఎవరో ఒకరు ఆపడం పెద్ద కథ అని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. ‘క్రీడ్ 2’ విడుదలకి ఒక నెల ముందు, 2018 అక్టోబరులో వచ్చిన ‘అరవింద సమేత వీరరాఘవ’ కూడా తండ్రి హత్యతో మొదలై, నరుకుళ్ళు ఎలా ఆపాలన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఒకరినొకరు ఎరగని రెండు పరిశ్రమలు ఒకే శరదృతువులో ఒకే చోట తడుముకున్నాయి.

సరే, ముందు బలాలు.

మొదటి బలం ఆరంభమే. సినిమా హీరోతో మొదలవదు. కీవ్ నగరంలో ఒక ఇరుకు ఇంట్లో, తెల్లవారకముందే, డ్రాగోలతో మొదలవుతుంది. 1985లో ఇవాన్ ఒక యంత్రం. మాటలు లేవు, మనసు లేదు, అమెరికా ప్రేక్షకుడు ఈల వేసి అసహ్యించుకోవడానికి తయారుచేసిన బొమ్మ. ముప్ఫయి మూడేళ్ళ తర్వాత ఆ బొమ్మకి తెల్లజుట్టు, బాధ, ఒక కొడుకు ఇచ్చారు. ఒక్క ఓటమితో దేశం వెలివేసింది. భార్య లుద్‌మిలా వదిలి వెళ్ళిపోయింది. మిగిలింది ఆ కొడుకు ఒక్కడే. పాత సినిమా చేసిన అన్యాయాన్ని కొత్త సినిమా సరిదిద్దడం సీక్వెల్ చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి. 2022 తర్వాత ఈ సినిమా మళ్ళీ చూస్తే, కీవ్‌లో ఉంటూ మాస్కో మన్నన కోసం అలమటించే ఆ మనిషి మరింత గుచ్చుకుంటాడు.

రెండో బలం, రాకీ హోటల్లో రాకీ, ఇవాన్ ఎదురుపడే ఘట్టం. కొట్టుకోరు. అరుచుకోరు. ఇవాన్ గోడ మీది ఫొటోలు చూస్తాడు. తన ఫొటో లేదని అంటాడు. లేదని రాకీ ఒప్పుకుంటాడు. ఆ ఒక్క ముక్కలో మొత్తం చరిత్ర ఉంది. గెలిచినవాడి గోడ మీద ఫొటోలుంటాయి, ఓడినవాడికి గోడే ఉండదు. లండ్‌గ్రెన్ ఇంత బాగా నటించగలడని నేనెప్పుడూ అనుకోలేదు.

మూడో బలం, పాప. అడోనిస్, బియాంకాలకి అమారా పుడుతుంది. బియాంకా గాయని, ఆమెకి వినికిడి క్రమంగా తగ్గిపోతోంది. పాపకి కూడా వచ్చిందేమోనని ఆస్పత్రిలో పరీక్ష చేస్తారు. యంత్రం వైపు చూస్తూ తల్లీ తండ్రీ కూర్చున్న ఆ కొన్ని నిమిషాలు సినిమాలోని ఏ పోటీ కంటే ఊపిరి బిగబట్టిస్తాయి. పాపకి వినబడదని తేలుతుంది. ప్రపంచ ఛాంపియన్‌కి అక్కడ కొట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. తండ్రి నుంచి బిడ్డకి పగే కాదు, ఇంకా చాలా సంక్రమిస్తాయని సినిమా ఉపన్యాసం లేకుండా చెప్పింది.

ఇక నాలుగో బలం నేను చివరికి దాచుకుంటాను. ముందు బలహీనతలు చూద్దాం.

మొదటిది, కథ నడక. ఛాంపియన్ అవడం, దెబ్బ తినడం, కుంగిపోవడం, కొత్త చోట సాధన, గెలుపు. ఇది ‘రాకీ 3’ (1982)లో చూసిన దారే. మొదటి పోటీ బ్రూక్లిన్‌లో. రాకీ వద్దన్నా వినకుండా అడోనిస్ దిగుతాడు. పక్కటెముకలు విరుగుతాయి. కానీ అతను కిందపడి ఉండగా విక్టర్ కొట్టాడు కాబట్టి అనర్హత కింద పోటీ అడోనిస్‌కి దక్కుతుంది. ఆటలో ఓడి, కాగితం మీద ఛాంపియన్‌గా మిగలడం. ఈ అవమానం నిజంగా కొత్త విషయం. ఇక్కడ ఆగి తవ్వితే చాలా ఉండేది. సినిమా ఆగలేదు. కాసేపు బాధపెట్టి, ఎడారికి తీసుకెళ్ళి, పాట పెట్టి కండలు చూపించింది. పాటలో హీరో బాగుపడిపోవడం మనకి కొత్తేం కాదు కాబట్టి మనం క్షమించేయగలం.

రెండోది, రాకీ అలక. అపోలోని పోగొట్టుకున్న భయంతో రాకీ తప్పుకుంటాడు. చాలా పెద్ద కారణం. కానీ తిరిగి రావడానికి సినిమా తీసుకున్న సమయం చాలా తక్కువ. అంత పెద్ద గాయం అంత తొందరగా మానదు.

మూడోది, పోరాటాలు. ‘క్రీడ్’లో కూగ్లర్ ఒక పోటీ మొత్తాన్ని కట్ లేని ఒకే షాటుగా చూపించాడు. మనం కూడా రింగులో ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. ఇక్కడ ఆ సాహసం లేదు. స్లో మోషన్, టీవీ వ్యాఖ్యాతలు, జనం కేకలు. బాగానే ఉంటాయి, గుర్తుండవు.

నాలుగోది, బియాంకా. వినికిడి పోతున్న గాయనికి చెవిటి పాప పుట్టింది. ఆమె కథ ఒక్కటే ఒక సినిమాకి సరిపోతుంది. ఇక్కడ ఆమె చివరి పోటీకి భర్తని పాటతో రింగులోకి తీసుకొచ్చే ఇల్లాలుగా మిగిలింది.

ఐదో బలహీనత అన్నిటికంటే పెద్దది. అది నేను కనిపెట్టింది కాదు. దాని గురించి చెప్పాలంటే నాలుగో బలం కూడా చెప్పాలి. అదే తువ్వాలు.

తువ్వాలు అనగానే మనకి గుర్తొచ్చేది ఆర్టీసీ బస్సు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం మన జాతీయ క్రీడ. బాక్సింగులో తువ్వాలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. మావాడు ఇక చాలు, ఓడిపోయామని ఒప్పుకుంటున్నాం, పోటీ ఆపండి అని కార్నర్‌లో ఉన్నవాళ్ళు చెప్పే పాత పద్ధతి. మనం సీటు పట్టుకోవడానికి విసురుతాం, వాళ్ళు వదులుకోవడానికి విసురుతారు.

అది ఆటలో చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ప్రాణాలకి సంబంధించింది. 1975 అక్టోబరు 1న మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఫ్రేజియర్ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంకొక్క రౌండే ఉంది. తను వెళ్తానని ఫ్రేజియర్ పట్టుబట్టాడు. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ పంపించలేదు. ఫ్రేజియర్ ఓడిపోయాడు, 2011 దాకా బతికాడు. 1982 నవంబరులో లాస్ వేగస్‌లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ, అమెరికన్ రే మాన్సీనీతో పద్నాలుగో రౌండు దాకా పోరాడి కుప్పకూలాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ ఛాంపియన్‌షిప్పు పోటీలని పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకి తగ్గించింది. మూడేళ్ళకి సినిమాలో అపోలో చనిపోయింది కూడా అదే లాస్ వేగస్‌లో.

ఇప్పుడు ‘క్రీడ్ 2’ ముగింపు. మాస్కో. విక్టర్ ఓడిపోతున్నాడు. వదిలి వెళ్ళిన తల్లి, కొడుకు గెలుస్తున్నాడని తెలిశాక తిరిగొచ్చి ముందు వరుసలో కూర్చుంది. దెబ్బలు పడటం మొదలవగానే లేచి వెళ్ళిపోతుంది. విక్టర్ ఆ ఖాళీ కుర్చీ చూస్తాడు. చేతులు కిందికి జారిపోతున్నా పడిపోడు. పడితే నాన్నకి ఇల్లు లేదు, పేరు లేదు, దేశం లేదు. అడోనిస్ కొడుతూనే ఉంటాడు. ఇవాన్ కూడా ఆ ఖాళీ కుర్చీ చూస్తాడు, కొడుకుని చూస్తాడు, తువ్వాలు విసిరేస్తాడు. లోపలికి వెళ్ళి కొడుకుని పట్టుకుని ఫరవాలేదు అంటాడు. ముప్ఫయి మూడేళ్ళ క్రితం రాకీ స్నేహితుడి కోసం చేయలేని పని, ఆ స్నేహితుణ్ణి చంపినవాడు తన కొడుకు కోసం చేశాడు. టైటిల్ అడోనిస్‌కి దక్కింది. సినిమా మాత్రం ఓడిపోయిన కార్నర్‌కి దక్కింది. నేను చూసిన సీక్వెళ్ళలో పాత సినిమాలోని ఒక వస్తువుని ఇంత బాగా వాడుకున్నది ఇంకొకటి లేదు.

ఈ సినిమా మేము 2020లో, అందరం ఇంట్లోనే ఉన్న రోజుల్లో, మా హాల్లో సోఫా మీద కూర్చుని చూశాం. నేను, మా ఆవిడ, అప్పటికి పన్నెండేళ్ళ మా అబ్బాయి. తువ్వాలు పడ్డాక నేను కళ్ళు తుడుచుకుంటుంటే మావాడు అన్నాడు: “నాన్నా, అసలు ఆ విక్టర్‌కి బాక్సింగ్ ఇష్టమేనా? ఎవరూ అడగలేదేంటి?”

అదండీ ఐదో బలహీనత. నేను తర్వాత మళ్ళీ చూసి వెతికాను. విక్టర్ దాదాపు మాట్లాడడు. ఒక విందులో, తమని వెలివేసినవాళ్ళతో కలిసి భోంచేయడమేమిటని కోపంతో లేచి వెళ్ళిపోతాడు. అంతకు మించి అతని మనసులో ఏముందో మనకి తెలిసే సందర్భం లేదు. ఆ పాత్ర వేసిన ఫ్లోరియన్ ముంటియాను నిజంగా బాక్సరు. కళ్ళతో చాలా చెప్పాడు. కానీ రాసినవాళ్ళు అతని చేతికి గ్లవ్స్ ఇచ్చారు, నోటికి మాటలు ఇవ్వలేదు. తండ్రి పశ్చాత్తాపం కోసం సినిమా అంత పెద్ద ఘట్టం కట్టింది. కొడుకు ఇష్టాయిష్టాల కోసం ఒక్క వాక్యం రాయలేదు. ఓడిన తండ్రిని బొమ్మ నుంచి మనిషిని చేసిన సినిమా, కొడుకుని మళ్ళీ బొమ్మని చేసింది. 1985లో చేసిన తప్పే, మనిషి మారాడంతే.

మావాడు అంత సులువుగా ఆ మాట ఎలా అన్నాడో నాకు తెలుసు. మా ఆవిడకీ తెలుసు. ఆవిడ నా వైపు చూసి, ఏమీ అనకుండా గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అంతకు ముందు ఏడాది సంగతి. వాడు ఆరో తరగతి. స్పెల్లింగ్ పోటీలో మా ప్రాంతీయ స్థాయికి వచ్చాడు. రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం నేను మాటలు చదవడం, వాడు అక్షరాలు చెప్పడం. లాటిన్, గ్రీకు, జర్మన్ మూలాలు రంగురంగుల కార్డుల మీద రాసిపెట్టాను. మా ఆఫీసులో ఏ ప్రాజెక్టుకీ నేను అంత శ్రద్ధగా డాక్యుమెంటేషన్ రాయలేదు. పోటీ రోజు పొద్దున వాడికి వాంతులయ్యాయి. “నాన్నా, ఇవాళ వద్దు” అన్నాడు. నేను నుదురు పట్టుకుని చూశాను. జ్వరం లేదు. “భయం అంతే. ఒక్క రెండు గంటలు ఓర్చుకో నాన్నా” అన్నాను. ఆ మాట చాలా ప్రేమగానే అన్నాను, అది కూడా చెప్పాలి. ముందు వరుసలో కూర్చున్నాను. మూడో రౌండులో వాడికి వచ్చిన మాట మేము కనీసం ఇరవైసార్లు చదివింది. వాడు మైకు ముందు నిలబడి మాట్లాడలేదు. గంట మోగేదాకా నిలబడ్డాడు. కారులో ఇంటికి వస్తూ, పావుగంట అయ్యాక నేను మాట్లాడిన మొదటి మాట, “అది నీకు వచ్చుగా?”

ఆ తర్వాత వాడు ఆ కార్డులు ముట్టుకోలేదు. నేనూ అడగలేదు. పెట్టె గరాజులో పెట్టేశాను.

ఇక్కడ మా నాన్నగారి గురించి ఒక మాట. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. పియుసి అయ్యాక వాళ్ళ నాన్న పోవడంతో ఇంజనీరింగ్ చదవాలన్న కోరిక తీరలేదు. అందుకని నేను పుట్టినప్పుడే ఇంజనీరింగ్ సీటు మీద తువ్వాలు వేసేశారు. ఎంసెట్ కోచింగుకి నన్ను ఊరు కాని ఊరు పంపించి, ఆయన రెండు పూటలా సైకిలు మీద ఆఫీసుకెళ్ళారు. నాకు ఇష్టమా అని అడగలేదు. నాకూ అది అడగాల్సిన విషయంగా తోచలేదు. ఆ సీటు వల్లే ఈ దేశం, ఈ ఇల్లు, మీ అందరి ముందు ఈ మైకు. ఆయన్ని తప్పు పట్టడం కృతఘ్నత అవుతుంది. ఇవాన్ డ్రాగోకి ఒక్కడే కొడుకు, ఒక్కటే దారి. మా నాన్నగారికి కూడా అంతే. కానీ మావాడికి ఒక్కటే దారి లేదు. ఆ తేడా నేను గమనించలేదు. సీటు ఆపుకోవాల్సిన అవసరం తీరిపోయాక కూడా నేను తువ్వాలు పట్టుకుని బస్సు వెంట పరిగెడుతూనే ఉన్నాను.

సినిమా చూసిన కొద్ది రోజులకి, గరాజు సర్దుతూ ఉంటే ఆ పెట్టె కనిపించింది. ధైర్యం చేసి వాణ్ణే అడిగాను. “నీకు స్పెల్లింగ్ ఇష్టం లేదా?” అని. వాడు తలెత్తకుండా అన్నాడు: “స్పెల్లింగ్ ఇష్టమే నాన్నా. నువ్వు ముందు వరుసలో కూర్చుని పెదాలు కదిపేవాడివి చూడు, అది నచ్చేది కాదు.”

పెదాలు కదుపుతున్నానని నాకు తెలియదు. సినిమాలో తల్లి లేచి వెళ్ళిపోవడం ఆ కొడుకుని పడగొట్టింది. మా ఇంట్లో తండ్రి లేవకపోవడం పడగొట్టింది. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో తెలియడం కూడా పెంపకంలో భాగమేనేమో. దీనికి సూత్రం నా దగ్గర లేదు. పిల్లల్ని అసలు ఏదీ చేయించకూడదని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. చేయించకపోతే మావాడు ఈ రోజుకీ తెలుగు అక్షరాలు నేర్చుకునేవాడు కాదు. ఎడ్డీ ఫచ్ ఫ్రేజియర్‌ని పద్నాలుగు రౌండ్లు ఆడనిచ్చాడు, మొదటి రౌండులోనే ఆపలేదు. కానీ పద్నాలుగు రౌండ్లూ ఆయన చూసింది స్కోరు కార్డు ఒక్కటే కాదు, తన మనిషి కన్ను కూడా. ఆ పొద్దున నేను మావాడి నుదురు చూశాను, మొహం చూడలేదు.

సినిమా దగ్గరికి తిరిగి వచ్చి ముగిస్తాను. ఈ సినిమాలో తండ్రులు నలుగురు. అపోలో లేడు. అడోనిస్ కొత్తగా తండ్రయ్యాడు. ఏళ్ళ తరబడి కొడుకుకి దూరమైన రాకీ, చివర్లో వాంకూవర్ వెళ్ళి ఆ ఇంటి తలుపు కొడతాడు, మనవణ్ణి చూస్తాడు. ఇవాన్ ఓడిన కొడుకుతో ఇంటికి వెళ్తాడు. 2023లో వచ్చిన మూడో ‘క్రీడ్’లో స్టాలోన్ కనిపించడు కాబట్టి, రాకీని మనం వదిలిపెట్టిన చోటు ఆ గుమ్మమే. ఛాంపియన్‌గా కాదు, ఆలస్యంగా వచ్చిన తండ్రిగా.

కథ పాతదే, మలుపులు తెలిసినవే, పోరాటాలు మొదటిదాని స్థాయిలో లేవు, ఒక కొడుకుకి మాట ఇవ్వలేదు. మార్కులు వేయమంటే మొదటి ‘క్రీడ్’ కంటే తక్కువే వేస్తాను. కానీ మళ్ళీ చూడమంటే దీన్నే చూస్తాను. ఎందుకంటే ఇందులో ఒక చిన్న షాటు ఉంది. పోటీ అయిపోయాక ఇవాన్, విక్టర్ మళ్ళీ పరుగు సాధనలో కనిపిస్తారు. బెల్టు లేదు, జనం లేరు, తల్లి రాలేదు. ఇద్దరూ పక్కపక్కన పరిగెడుతుంటారు. మాటలు లేవు. మావాడు అడిగిన ప్రశ్న ఇవాన్ ఆ పరుగులో ఎప్పుడైనా అడిగి ఉంటాడని నేను అనుకుంటాను. సినిమా చూపించలేదు, కాబట్టి అది మన ఇష్టం.

మావాడు ఇప్పుడు కాలేజీలకి దరఖాస్తులు పెట్టుకుంటున్నాడు. ఏ కోర్సో నేను ఇంకా అడగలేదని కాదు, అడిగాను. భాషాశాస్త్రం అంటున్నాడు. మాటల మూలాలు ఇష్టమట. ఉద్యోగాలుంటాయా అని నోటిదాకా వచ్చింది. ఆ రోజుకి మింగేశాను. రేపు మింగగలనో లేదో చెప్పలేను.

పక్క హాల్లో ఇప్పుడు పిల్లల పోటీలు జరుగుతున్నాయి. భోజనాలకి వెళ్తూ అటు వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. నేనూ వెళ్తాను. మీలో ఎవరైనా ముందు వరుసలో కూర్చుంటే, దయచేసి పెదాలు ఒక్కసారి చూసుకోండి.